ఇమ్రె నిలబడే చోటు

బుచ్చన్నకు ఫుట్‌బాల్ రాదు. ఖతార్‌కు వచ్చి ఇరవై రెండేళ్లయింది. అందులో తొమ్మిదేళ్లు ఒక ఫుట్‌బాల్ క్లబ్బు మైదానంలో గడ్డి పెంచుతూనే గడిచాయి. అయినా ఏనాడూ బంతిని కాలితో తన్నలేదు. దొర్లుకుంటూ తన దాకా వచ్చిన బంతిని కూడా వంగి, రెండు చేతులా ఎత్తి, భుజం మీది తువ్వాలుతో తుడిచి మరీ ఇచ్చేవాడు. ఆటగాళ్లు నవ్వేవాళ్లు. అలాంటి మనిషి యాభై నాలుగో ఏట రైట్ బ్యాక్ అయ్యాడు.

ఎట్లా అయ్యాడో చెప్పాలంటే ముందు గడ్డి సంగతి కొంచెం చెప్పాలి.

బుచ్చన్నది జగిత్యాల జిల్లా, రాయికల్ దగ్గరి పల్లె. దోహాకు వచ్చిన కొత్తలో పైపుల కోసం కందకాలు తవ్వాడు. నడుము పట్టేశాక తోటపని కంపెనీలోకి మారాడు. ఆ కంపెనీ అతన్ని అల్ అజీజియా ఇళ్లకు ఆవల ఉన్న చిన్న క్లబ్బుకు పంపింది. రెండో డివిజన్‌లో ఆడే క్లబ్బు అది, పెద్దగా ఎవరికీ పట్టనిది. వరిమడిని చూసిన కళ్లు కాబట్టి గడ్డిని చూడగానే అతనికి దాని కథంతా తెలిసిపోయేది. ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు నుంచి కంపెనీ బస్సు తెచ్చి దింపేసరికి ఇంకా పొద్దు పొడిచేది కాదు. మైదానం మీద తేమ తెల్లగా పరుచుకొని ఉండేది. పిల్లి ఏ మూల నుంచి ఏ మూలకు దాటిందో, వాచ్‌మన్ ఫోన్లో మాట్లాడుతూ ఎన్ని చుట్లు తిరిగాడో ఆ తడిలో, గడ్డి వంగిన తీరులో చదివేవాడు.

"కెమెరా మాఫీ. కెమెరా వద్దు, ఈ ముసలాయన ఒక్కడు చాలు," అనేవాడు జహాంగీర్. జహాంగీర్ బంగ్లాదేశ్ మనిషి. గడ్డి కోసే మిషను నడుపుతాడు. మిషను ఆగినా అతని నోరు ఆగదు.

నిరుడు జులైలో కొత్త కోచ్ వచ్చాడు. హంగరీ దేశం. పేరు హాల్మోషి. డెబ్భై రెండేళ్లు. ఎండిన కందికట్టెలా పొడుగ్గా ఉండేవాడు, నవ్వినప్పుడు కూడా కళ్లు నవ్వేవి కావు. పనివాళ్లందరికీ ఆయన కోచ్ సాబ్. ఆఫీసులో వీసాలు, టికెట్లు చూసే సాలమన్‌ది అమలాపురం వైపు. కోచ్ కాగితాలన్నీ టైపు చేసింది అతనే.

"బుచ్చన్నా, ఈయన చేసిన ఉద్యోగాలు కొట్టేసరికి నా వేళ్లు పడిపోయాయి బాబూ. గ్రీసు, సైప్రస్, ట్యునీషియా, సూడాన్, కువైట్, ఒమన్, మలేషియా... కోల్‌కతాలో మూడేళ్లు, జహాంగీర్ వాళ్ల ఢాకాలో రెండేళ్లు. మొత్తం పదహారు దేశాలు! ఎక్కడా మూడేళ్లు దాటలేదు. ఒక చోటైతే కప్పు గెలిచిన మర్నాడే పెట్టె సర్దేశాడంట."

"మరి సొంత దేశంల ఎన్నేండ్లు జేసిండు సార్?"

"అదే చిత్రం. అక్కడ ఒక్క ఏడు కూడా కోచ్‌గా చేయలేదు."

వచ్చిన మొదటి వారంలోనే కోచ్ సాబ్ తెల్లవారుజామున మైదానానికి రావడం మొదలుపెట్టాడు. కోల్‌కతాలో పట్టుబడ్డ నాలుగు హిందీ ముక్కలు, అరబ్బు దేశాల్లో అంటుకున్న నాలుగు అరబ్బీ ముక్కలు కలిపి పనివాళ్లను పిలిచేవాడు. "తుమ్, ఇధర్. తుమ్, ఉధర్. యల్లా." అట్లా పదిమందిని మైదానం మీద అక్కడక్కడ నిలబెట్టేవాడు. సాయంత్రం ఆటగాళ్లకు నేర్పబోయేది పొద్దున ఒకసారి నేల మీద పరిచి చూసుకోవడం ఆయన పద్ధతి. మిగతా కోచ్‌లు దానికి ప్లాస్టిక్ కోన్లు పెట్టుకుంటారు. ఈయనకు మనుషులే కావాలి. ఆటగాళ్లు పనికిరారు, వాళ్ల కాళ్లు బంతి కోసం లాగుతాయి. పనివాళ్లు నిలబెట్టిన చోట నిలబడతారు.

బంతి ఉండదు. ఎదుటి జట్టు ఉండదు. కోచ్ సాబ్ ఎడమ గీత వెంబడి నడుస్తూ మాట అంటాడు. "బల్‌రా." అంటే ఆయన భాషలో ఎడమకు. పదిమందీ ఎడమకు నాలుగడుగులు. "యొబ్‌రా." కుడికి. "లశ్శన్, లశ్శన్." మెల్లగా. పొద్దు పొడిచే దాకా ఇదే పని. గేటు దగ్గర నుంచి ఎవరైనా చూస్తే, మంచులో పదిమంది మనుషులు చప్పుడు లేకుండా ఒక్కసారే ఇటు కదలడం, ఒక్కసారే అటు కదలడం కనబడేది. ఆ గేటు వాచ్‌మన్ రెండు రోజులు చూసి మూడో రోజు నుంచి అటువైపు వీపు పెట్టి కూర్చోవడం నేర్చుకున్నాడు.

ఒక్కొక్కరికి ఒక పేరు పెట్టాడు కోచ్ సాబ్. గోలు దగ్గర నిలబడే జహాంగీర్ 'కార్చి'.

"మా నాయన నాకు బాద్‌షా పేరు పెట్టాడు, భాయ్," అని మొత్తుకునేవాడు జహాంగీర్. "ఈయన దాన్ని పీకి కార్చి అంటాడు. ఆ కార్చి ఎవడో, ఏం తిని బతికాడో!"

బుచ్చన్నను రైట్ బ్యాక్ చోట, అంటే గోలుకు ముందు కుడి పక్కన నిలబెట్టి, భుజాలు పట్టుకొని కొంచెం తిప్పి, గడ్డం కాస్త పైకెత్తి, వెనక్కి నాలుగడుగులు వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇమ్రె," అన్నాడు.

మొదట్లో బుచ్చన్నకు ఇదంతా తమాషాగానే ఉండేది. మార్పు ఎప్పుడు మొదలైందో అతనికీ సరిగ్గా తెలియదు. చలికాలంలో అనుకుంటా. ఒకరోజు "యొబ్‌రా" అన్న మాట వినబడింది, చూసుకుంటే తను అప్పటికే కుడికి జరిగి ఉన్నాడు. మాట తరువాత వచ్చింది, అడుగు ముందు పడింది. మర్నాడూ అంతే. ఎండాకాలం వచ్చేసరికి ఇంకొకటి గమనించాడు. జూన్ నెల దోహాలో తెల్లవారుజామున కూడా నేల పొయ్యి మీది పెనంలా ఉంటుంది. కానీ ఆ రైట్ బ్యాక్ చోట నిలబడితే పాదాలు చల్లబడేవి. మొదట మడమలు, తరువాత మోకాళ్ల దాకా. బావిలో దిగిన చల్లదనం కాదు. ఎముకను పట్టే చల్లదనం. రెండడుగులు పక్కకు వేస్తే మళ్లీ వేడి.

సీజను మొదలైన ఆగస్టులో ఒకరోజు ముగ్గురు పనివాళ్లు జ్వరమని రాలేదు. ఏడుగురే నిలబడ్డారు. గాలిలో తేమ ఎంత చిక్కగా ఉందంటే పది గజాల అవతల మనిషి నీడలా ఉన్నాడు. కోచ్ సాబ్ ఎప్పటిలాగే పేర్లన్నీ పిలిచాడు, రాని ముగ్గురివి కూడా. ఎప్పటిలాగే ఎడమకూ కుడికీ నడిపించాడు. బుచ్చన్న ఎడమవైపు చూశాడు. అక్కడ ఖాళీ ఉండాలి. ఖాళీ లేదు.

మంచు విడిపోయాక అతను ఆ చోటికి వెళ్లి గడ్డి దగ్గర కూర్చున్నాడు. పనివాళ్లవి కంపెనీ ఇచ్చిన సేఫ్టీ బూట్లు, అడుగు బల్లపరుపుగా పడుతుంది. కోచ్ సాబ్‌వి రబ్బరు చెప్పులు. ఆ ఖాళీ చోట తడి గడ్డిలో మేకుల బూట్ల గుర్తులున్నాయి. ముందు నాలుగు మేకులు, మడమకు రెండు. మన ఆటగాళ్ల బూట్లకు అడుగున పదీ పన్నెండు పళ్లుంటాయి. ఆరు మేకుల బూటు బుచ్చన్న ఈ తొమ్మిదేళ్లలో చూడలేదు. గుర్తులు ఎడమకు నాలుగడుగులు, కుడికి నాలుగడుగులు. మైదానంలోకి ఎవరూ నడిచి వచ్చిన జాడ లేదు, బయటకు పోయిన జాడ లేదు.

జహాంగీర్‌ను పిలిచి చూపించాడు. జహాంగీర్ వంగి మేకుల గుర్తులు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. వెళ్లి మిషను తెచ్చి ఆ మేరకు గడ్డి కోసేశాడు.

ఆ వారమే శోభ వీడియో కాల్‌లో మొగుణ్ని చూసి ముఖం చిట్లించింది.

"ఏందయ్యా, గట్ల నిలవడ్డవ్?"

"ఎట్ల?"

"నడుం మీద చెయ్యి వెట్టుకొని. ముప్పై ఏండ్ల సంసారంల నువ్వు గట్ల నిలవడంగ నేను సూడలే. జర నడువు, సూస్త."

ఫోను మంచం మీద ఆనించి రెండు అడుగులు నడిచాడు. కుడికాలు ఈడుస్తున్నాడు.

"కాలుకేమైంది?"

"ఏం గాలే. నొప్పి గూడ లేదు."

"నొప్పి లేకుంట ఎందుకు ఈడుస్తున్నవ్? ఎవలో పట్టిండ్రు నిన్ను. ఏడ తొక్కినవో, ఎవల జాగల నిలవడ్డవో యాది జేసుకో."

బుచ్చన్న నవ్వబోయాడు. ఎవల జాగల అన్న మాట దగ్గర నవ్వు ఆగిపోయింది.

మర్నాడు ఆఫీసుకు పోయి సాలమన్‌ను అడిగాడు. "సార్, గీ ఇమ్రె ఎవలో కోచ్ సాబ్‌ను జర అడుగుతవా? నా పేరు వెట్టి అడుగు."

రెండు రోజుల తరువాత సాలమనే మైదానానికి వచ్చాడు. నీడ చూసుకొని కూర్చున్నాడు.

"అదొక పంచదార ఫ్యాక్టరీ జట్టు బుచ్చన్నా. నది పక్కన చిన్న ఊరు. డెబ్భై ఏడు, జనవరి నెల. మ్యాచ్ ఆడటానికి బస్సులో వెళ్తుంటే రోడ్డు మీద మంచు. బస్సు జారి నదిలో పడింది. నది పైన గడ్డకట్టి ఉందంట. మంచు పలక పగిలి బస్సు కిందికి పోయింది. మళ్లీ పైన మంచు పేరుకుంది. ఎవరూ బయటకు రాలేదు."

"ఇమ్రె...?"

"ఇమ్రె, కార్చి, మన వాళ్లకు పెట్టిన పేర్లన్నీ వాళ్లవే. ఇమ్రెకు కుడి మోకాలు బాగుండేది కాదంట."

బుచ్చన్న తన మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మరి కోచ్ సాబ్?"

"ఆయన ఆరోజు బస్సెక్కలేదు. జ్వరం."

"అప్పుడు గూడ ఆయనే కోచా?"

"అయ్యుంటాడు. నేనడగలేదు. ఆ మొహం చూస్తూ ఇంకొక్క ముక్క అడగడం నా వల్ల కాలేదు."

జట్టు అంటే పదకొండుగురు. తొమ్మిదేళ్లు మైదానంలో ఉన్న బుచ్చన్నకు ఆ మాత్రం తెలుసు. పదకొండుగురు నీళ్లలో పోయారు, పదకొండుగురూ కోచ్ సాబ్ వెంట తిరుగుతున్నారు. అతనికి అట్లాగే అర్థమైంది, సాలమన్‌కూ అట్లాగే అర్థమైంది.

ఈ సంగతి విన్న జహాంగీర్ చాలాసేపు తల గోక్కున్నాడు. "మనం ఒక్క దేశం దాటడానికి మెడికల్, పోలీస్ కాగితం, వేలిముద్రలు... ఈ చచ్చినవాళ్లు, ముర్దాలు, పాస్‌పోర్ట్ లేకుండా పదహారు దేశాలు తిరిగారు, చూడు భాయ్," అన్నాడు. కానీ మర్నాడు గోలు దగ్గర నిలబడలేదు. కడుపునొప్పి అన్నాడు. ఆ తరువాత రోజూ కడుపునొప్పే.

బుచ్చన్న కూడా తప్పించుకోవాలని చూశాడు. శుక్రవారం సెలవు, డ్యూటీ లేదు. క్యాంపులో మంచం మీద ముసుగుతన్ని పడుకున్నాడు. ఎవరో భుజం పట్టి ఊపితే కళ్లు తెరిచాడు. పడుకొని లేడు. క్యాంపు వాకిట్లో, ఆరేసిన బట్టల నడుమ, నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడి ఉన్నాడు. పాదాలు చల్లగా ఉన్నాయి. అప్పుడే తెలవారుతోంది.

"భాయ్," అన్నాడు జహాంగీర్, భుజం వదలకుండా. "ఇక్కడ గోల్ పోస్ట్ లేదు. లోపలికి పద."

సెప్టెంబరులో క్లబ్బు వరుసగా ఐదు మ్యాచ్‌లు ఓడింది. కోచ్ సాబ్‌ను తీసేశారు. ఆదివారం మధ్యాహ్నం విమానం. టికెట్ సాలమనే తీశాడు.

"ఇగ ఏ దేశం పోతడట సార్?"

"ఏ దేశమూ లేదు బుచ్చన్నా. గుండె బాగాలేదు, మళ్లీ మైదానం ఎక్కొద్దన్నాడంట డాక్టరు. ఇంటికే. ఒక్కడే ఉంటాడంట, పాపం."

ఆ మాట విన్నాక బుచ్చన్న లోపల లోపల లెక్క సరిచూసుకున్నాడు. సూడాన్‌లో ఎవడో ఒక పనివాడు ఇమ్రె అయ్యాడు. కోచ్ సాబ్ అక్కణ్నుంచి లేచి కువైట్ పోయాడు, అక్కడ ఇంకెవడో ఇమ్రె అయ్యాడు, సూడాన్ వాడు బతికిపోయాడు. కోల్‌కతాలో ఒకడు, ఢాకాలో ఒకడు. ఇమ్రెను పాత మనిషి మీద నుంచి దింపి కొత్త మనిషి మీద పెడుతూ పదహారు దేశాలు నడిపించాడు. ఇప్పుడు కొత్త దేశం లేదు. ఇంకెవరినీ నిలబెట్టేది లేదు. మరి ఇమ్రె ఎవరి మీద దిగాలి? నిలబడి ఉన్నవాడి మీదనే ఉండిపోతాడు. అంటే తన మీదనే. వచ్చే ఏడాది తను ఊరికి తిరిగి పోయేది ఉంది. శోభ దగ్గరకు పోయేది తనా, నడుం మీద చెయ్యి పెట్టుకొని కాలీడ్చే ఇంకొకడా?

ఫోన్లో శోభకు అంతా చెప్పేశాడు. ఆమె భయపడుతుందనుకున్నాడు. ఆమె కోప్పడింది.

"గంతమంది నీళ్లల్ల వడి సచ్చిపోతే యాభై ఏండ్ల సంది వాళ్లకు బువ్వ వెట్టినోడు లేడా? దేశం దేశం తిప్పుకుంట నిలవెట్టుడేనా? కాళ్లు గుంజవా వాళ్లకు? ఆదివారం పెత్రమాస. ఈడ మేము మన పెద్దలకు బియ్యమిస్తున్నం. నువ్వు ఆడ వాళ్లకు వెట్టు. పేరు పేరున పిలిచి వెట్టు. తిని పోతరు."

"వాళ్లు మనోళ్లు గారు గదనే."

"ఆకలికి మనోళ్లు మందోళ్లు ఉంటదా? పేర్లు మాత్రం తప్పొద్దు."

పేర్లు కావాలి. బుచ్చన్న శనివారం కోచ్ సాబ్ దగ్గరకు సాలమన్‌ను వెంటబెట్టుకొని పోయాడు. పెత్రమాస సంగతి ఎత్తలేదు. చనిపోయినవాళ్లకు పిండం పెడతానంటే ఆ ముసలాయన ఏమనుకుంటాడోనని మొహమాటం. "యాది కోసం సార్. నేను నిలవడ్డ టీం పేర్లు రాసియ్యుమను," అన్నాడు. కోచ్ సాబ్ ఆ మాటకు సంతోషపడి లేచాడు. గోడ మీది తెల్లబోర్డు తుడిచి, మైదానం గీసి, ఎవరి చోట వాళ్ల పేరు రాశాడు. పదకొండు పేర్లు. సాలమన్ వాటిని బోర్డు మీద ఉన్నట్టే, ఏ చోట ఏ పేరో, కాగితం మీద తెలుగులో దించి ఇచ్చాడు. ఎడమ గీత దగ్గర, కోచ్ సాబ్ రోజూ నడిచే వైపు, రాసి ఉన్న పేరు 'చోపీ'. ఆ చోట పనివాణ్ని ఎవర్నీ నిలబెట్టిన గుర్తు లేదు బుచ్చన్నకు. మనుషులు చాలక వదిలేశాడేమో అనుకున్నాడు.

ఆదివారం తెల్లవారకముందే క్యాంపు వంటగదిలో అన్నం, పప్పు, గుమ్మడికాయ కూర వండాడు. మాంసం తినే దేశపోళ్లని ఒక్కో ముక్క కోడికూర కూడా. సూపర్‌మార్కెట్‌లో దొరికే వెండిరేకు పళ్లేలు పదకొండు. ప్లాస్టిక్ బకెట్‌లో సర్దుకొని, పైన తువ్వాలు కప్పి, కంపెనీ బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు. బస్సులో అందరూ అడిగారు. ఎవరికీ చెప్పలేదు.

మైదానం మీద తేమ మబ్బులా దిగి ఉంది. కాగితం చూసుకుంటూ ఒక్కొక్క చోట ఒక్కొక్క పళ్లెం పెట్టాడు. పెట్టినచోటల్లా వంగి, చేతితో కొంచెం నీళ్లు చల్లి, పేరు పిలిచాడు.

"కార్చీ, ఇగో నీ బువ్వ. జహాంగీర్‌ను ఇడిసిపెట్టు, వాడు భయపడ్డడు. తిని మీ ఊరికి పో."

తన చోట పళ్లెం పెట్టి, దాని ఎదురుగా కూర్చున్నాడు. "ఇమ్రె... ఇన్ని దినాలు నీ జాగల నేనే నిలవడ్డ. నీ కాలు నాకెరుకే. ఇగ చాలు. నా ఇంటిది ఎదురుసూస్తున్నది. తిని పో, నాయినా."

చివరగా ఎడమ గీత దగ్గర. "చోపీ, ఇగో నీది."

తరువాత మిషను షెడ్డు దగ్గరకు పోయి కూర్చున్నాడు. ఖతార్‌లో కాకులు కనబడవు, గోరింకలుంటాయి. పొద్దు పొడుస్తుండగా అవి వచ్చాయి. ముందు రైట్ బ్యాక్ చోట పళ్లెం మీద వాలింది ఒకటి. బుచ్చన్న చేతులు జోడించాడు. తరువాత గోలు దగ్గర. తరువాత నడుమ. ఒకటొకటిగా పది పళ్లేల మీద వాలాయి, మెతుకులు చెదరగొట్టాయి, కూర పీక్కుతిన్నాయి.

చోపీ పళ్లెం దగ్గరకు ఒక్క పిట్ట కూడా పోలేదు.

బుచ్చన్న చూసి చూసి లేచి అక్కడికి పోయాడు. మన దగ్గర పిట్ట ముట్టకపోతే ఏం చేస్తారో అదే చేశాడు. చేతులు జోడించి బతిమాలాడు. "ఏం కోరిక మిగిలింది బిడ్డా? ఎవల మీదన్న అలిగినవా? కోడికూర సాలలేదా? మీ అవ్వ యాదికొస్తున్నదా? చెప్పు. నాతోని అయ్యేదైతే చేస్త." గోరింకలు కాస్త దూరంలో గడ్డి మీద నిలబడి తలలు పక్కకు వంచి చూస్తున్నాయి. దగ్గరకు రావు.

అప్పుడే గేటు దగ్గర కారు ఆగింది. ఆఖరిసారి మైదానం చూస్తానన్నాడని సాలమన్ కోచ్ సాబ్‌ను తీసుకొచ్చాడు.

కోచ్ సాబ్ గీత దాటి లోపలికి వచ్చి ఆగిపోయాడు. పళ్లేలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకముందే ఆయనకు అర్థమైనట్టుంది. టోపీ తీశాడు. గోలు దగ్గర నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పళ్లెం దగ్గరా నిలబడి, పేరు పలికి, ముందుకు కదిలాడు.

"తిన్నారా అని అడుగుతున్నాడు," అన్నాడు సాలమన్.

"అందరు తిన్నరు సార్."

"ఇమ్రె కూడానా అంటున్నాడు."

"ముందుగాల ఆయనే."

అది చెబితే, ఇమ్రెకు ఎప్పుడూ ఆకలి తొందర అన్నాడట కోచ్ సాబ్.

"కాని సార్, గీ చోపీ ఒక్కడు ముడుతలేడు," అన్నాడు బుచ్చన్న. "ఎంత బతిమిలాడినా పిట్ట వాలుతలేదు. ఈనకేం కోరికున్నదో కోచ్ సాబ్‌కు ఎరుకుంటది, అడుగు సార్."

సాలమన్ అడిగాడు. కోచ్ సాబ్ ఆ నిండు పళ్లేన్ని చూశాడు. చూపుడు వేలు ఎత్తి తన రొమ్ముకు ఆనించుకున్నాడు.

"చోపీ," అన్నాడు.

ఆయన చెప్పిందంతా విని, సాలమన్ మెల్లగా బుచ్చన్నవైపు తిరిగాడు. "బుచ్చన్నా... చోపీ అంటే వాళ్ల భాషలో బుడ్డోడని. జట్టులో అందరికన్నా చిన్నవాడు. ఆయనేనంట. అప్పుడాయన కోచ్ కాదు, ఆటగాడు. పోయింది పదిమంది. ఈ ఎడమ గీత ఆయన చోటంట."

బుచ్చన్న బతికున్న మనిషికి పెత్రమాస బువ్వ పెట్టాడు. పేరు పెట్టి పిలిచాడు. నీళ్లు వదిలాడు. తిని పొమ్మన్నాడు. అదీ గుండె బాగాలేని మనిషిని.

"తప్పైంది సార్! ఎరుక లేక జేసిన, పాపం నాది!" అంటూ పళ్లెం తీయబోయాడు. కోచ్ సాబ్ అతని మణికట్టు పట్టుకున్నాడు. ముసలి చెయ్యి, కానీ విడిపించుకోవడం చేతకాలేదు. ఆయన గడ్డి మీద, తన చోట, మెల్లగా చతికిలబడ్డాడు. పళ్లెం దగ్గరకు లాక్కున్నాడు.

"తినద్దను సార్! పెద్దలకు వెట్టింది బతికున్నోళ్లు ముట్టద్దు. ఆయినను తినద్దను!"

సాలమన్ గబగబా చెప్పాడు. కోచ్ సాబ్ తలెత్తకుండా జవాబిచ్చాడు.

"వాళ్లందరూ తిని నేనొక్కణ్నే తినకపోతే, మళ్లీ బస్సు తప్పినట్టే అంటున్నాడు."

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు కోచ్ సాబ్. చేత్తో తినడం కోల్‌కతాలో నేర్చుకున్నట్టున్నాడు, బాగానే తింటున్నాడు. గోరింకలు రెండడుగులు ముందుకు వచ్చాయి. బుచ్చన్న వాటిని చూశాడు, ఆయన్ను చూశాడు. ఇమ్రె సంగతి, కాలు సంగతి, వచ్చే ఏడాది సంగతి ఏదీ అప్పుడు మనసులో లేదు. ఈ మనిషి ఈ పళ్లెం ఒంటరిగా తిని లేవకూడదు, అంతే. ఎదురుగా కూలబడి అదే పళ్లెంలో చెయ్యి పెట్టాడు.

"ఇద్దరు గల్సి తింటే గిది పెద్దల బువ్వ గాదు, నాస్తా. నాస్తా అని చెప్పు సార్ ఆయినకు! నువ్వు గూడ కూసో. ముగ్గురమైతే ఇంక మంచిది."

"నేను తినకూడదు బుచ్చన్నా, చర్చిలో మాకు..." అంటూ సాలమన్ ఒక క్షణం నిలబడ్డాడు. తరువాత బూట్లు విప్పి, కూర్చొని, కళ్లు మూసుకొని గొణుక్కున్నట్టు ప్రార్థన చేసి, ఒక ముద్ద తీసుకున్నాడు. "నాస్తాకి ప్రార్థన చేసి తినొచ్చు," అన్నాడు, ఎవరికో జవాబు చెబుతున్నట్టు.

ముగ్గురూ ఒకే పళ్లెంలోంచి తిన్నారు. కోచ్ సాబ్ నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. బుచ్చన్న భుజం మీద చెయ్యి వేసి లేచాడు. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందంటే చొక్కాలోంచి తగిలింది. ఈసారి ఇమ్రె అనలేదు. "బుచ్చన్న," అన్నాడు. ఎడమ గీత వెంబడి గేటువైపు నడుచుకుంటూ పోయాడు, వెనక సాలమన్.

పళ్లెంలో ఇంకా సగం అన్నం ఉంది.

కారు తలుపు ఇంకా పడలేదు. అంతసేపూ దూరంగా ఉన్న గోరింకలు ఒక్కసారిగా లేచి, వేరే ఏ పళ్లెంవైపూ చూడకుండా, తిన్నగా దాని మీదకు వచ్చాయి.

"హుష్! హేయ్! పో!" బుచ్చన్న తువ్వాలు తిప్పుతూ లేచాడు. ఒకటి పళ్లెం అంచు మీద వాలబోయింది; అది ముట్టిందంటే చోపీ కూడా పోయినోళ్లలో కలిసినట్టే. దాన్ని తరుముతూ గీత దాటి పరుగెత్తాడు, మళ్లీ వెనక్కి పరుగెత్తాడు. కాలు ఈడుస్తున్నదో లేదో చూసుకునే తీరిక లేదు. "ఉన్నడు! ఆయిన ఇంకా ఉన్నడు! అగో, కారెక్కుతున్నడు, కనిపిస్తలేదా? మీకిది ముట్టేది గాదు! పోండ్రి!"

పళ్లెం ఎత్తి ఒళ్లో పెట్టుకొని, దాని మీదకు వంగి, రెండు మోచేతులూ అడ్డం పెట్టుకొని తినడం మొదలుపెట్టాడు. ఆకలి లేదు. కారు వెళ్లిపోయిన చప్పుడు వినబడింది. ఎండ ఎక్కుతోంది. గోరింకలు ఎగిరిపోలేదు. కొంచెం దూరంలో, మైదానం మీద, ఒకదానికొకటి ఎడంగా దిగి, ఎక్కడివక్కడ నిలబడి అతనివైపు చూస్తున్నాయి. ఎన్ని ఉన్నాయో బుచ్చన్న లెక్కపెట్టలేదు. తలెత్తకుండా తిన్నాడు. పళ్లెం అడుగుకు అంటిన ఆఖరి మెతుకును వేలితో తీసి నోట్లో పెట్టుకునే దాకా తలెత్తలేదు.